బండకి పైన యాభై: ఇచ్చేసి ఊరుకుంటున్నారా, అడుగుతున్నారా?

మూడోఫ్లోర్ | హైదరాబాద్ | సోమవారం రాత్రి 9:42

మా అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ బండ వచ్చినప్పుడల్లా బిల్లు మీద ఉన్న రేటుకి పైన యాభై అడుగుతారు. లిఫ్ట్ ఉంది, బండ లిఫ్టులోనే పైకి వస్తుంది. నిన్న మధ్యాహ్నం బిల్లు చూపించి, "డెలివరీ చార్జీ ఇందులోనే కలిపి ఉంది కదా బాబూ" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆ అబ్బాయి నాకు జవాబు చెప్పకుండా ఎదురు ఫ్లాట్ ఆంటీ వైపు తిరిగి, "చూడండమ్మా, బిల్డింగ్ మొత్తం ఇస్తోంది, ఈ మేడమ్ ఒక్కరే లెక్కలు అడుగుతున్నారు" అన్నాడు. ఆవిడ తలుపు సందులోంచే "ఇచ్చేయమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అనేశారు. నేను బిల్లు డబ్బులే ఇచ్చి పంపాను.

సాయంత్రానికి సంగతి మా వాట్సాప్ గ్రూపుకెక్కింది. బేస్‌మెంట్‌లో పైపు కారుతోందని ఫొటో పెడితే రోజుల తరబడి పలకని గ్రూపు, దీనికి మాత్రం అరగంటలో పాతిక మెసేజ్‌లు. "పాపం ఎండలో తిరుగుతారు", "యాభైకి ఇంత రాద్ధాంతమా", "రేపట్నుంచి మన బ్లాక్‌కి ఆలస్యంగా తెస్తే బాధ్యత ఎవరిది?" ఈ చివరి మెసేజ్ పెట్టిన పెద్దమనిషి కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలకి బేరమాడటం నేను కళ్లారా చూశాను.

గ్యాస్ ఒక్కటే అయితే ఇంత రాయను. వాటర్ బాటిల్, పార్కింగ్, స్కూల్లోనే కొనాలనే నోటు పుస్తకాలు, ఆఫీసుల్లో "చాయ్ ఖర్చులు", రోజూ ఏదో ఒకటి. మీరు ఎక్కడ అడుగుతారు, ఎక్కడ వదిలేస్తారు? అడిగాక పనైందా, తిట్లు మిగిలాయా? నీతులు వద్దు, జరిగింది చెప్పండి.


ఊరుకుంటేమేలు | విజయవాడ | 9:58

నా ఐడీ చూశారుగా, అదే నా జవాబు.

మా పక్క వీధిలో ఒకాయన రాత్రి పన్నెండింటికి డీజే ఆపించమని పోలీసులకి ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చి ఆపించారు, బాగానే ఉంది. కానీ వెళ్తూ వెళ్తూ "ఫలానా ఇంటి నుంచి కంప్లయింట్ వచ్చింది" అని చెప్పి మరీ వెళ్లారు. తెల్లారేసరికి ఆయన స్కూటర్ రెండు టైర్లూ కోసేసి ఉన్నాయి. టైర్ల ఖర్చుతో పోలిస్తే మీ యాభై ఎంత మేడమ్?


లెక్కలమాస్టారు | రాజమండ్రి | 10:10

అమ్మా మూడోఫ్లోర్, యాభై సంగతి తర్వాత. బండ తూకం చూసుకుంటున్నారా?

బండ పైన పిడి రేకుల మీద ఖాళీ బండ బరువు అచ్చు గుద్ది ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలపండి. ఖాళీ బరువు 15.3 అని ఉంటే నిండు బండ 29.5 తూగాలి. తెచ్చినవాళ్ల దగ్గర కాటా ఉండాలి, అడిగితే తూచి చూపించాలి. అదే రేకు మీద ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, ఇలా డీ దాకా. బీ-27 అని ఉంటే 2027 జూన్ లోపు ఆ బండని మళ్లీ పరీక్షకి పంపాలని అర్థం. గడువు దాటిన బండ వస్తే తీసుకోకండి. వాల్వు దగ్గర కారుతున్నట్టు అనిపిస్తే ఏజెన్సీ ఫోన్ ఎత్తేదాకా చూడకండి, 1906కి కొట్టండి.

నేను బండ తూయించుకుంటే మా ఆవిడే "పరువు తీస్తున్నారు" అంటుంది. కిలో వంకాయలు కొన్నప్పుడు ముల్లు ఎక్కడ ఆగిందో వంగి చూసేది కూడా ఆవిడే.


బండబాబు | (ఊరు చెప్పను) | 10:31

ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను. కొన్నాళ్లు నేను ఆ బండలు మోసినవాణ్ణే.

మేడమ్ చెప్పింది కరెక్ట్. డెలివరీ చార్జీ బిల్లులో ఉంటుంది. ఎవరైనా గోడౌన్‌కి వెళ్లి తామే తెచ్చుకుంటే ఆ మొత్తం తగ్గించి తీసుకోవాలి కూడా. ఈ సంగతి ఏ ఏజెన్సీ బోర్డు మీదా పెద్దక్షరాలతో ఉండదు.

ఇప్పుడు ఇటువైపు సంగతి వినండి. నేను చేసిన చోట నెల జీతం లేదు. బండకి ఇంత అని లెక్క. ఆటో డీజిల్ మాదే, పంక్చర్ పడితే మాదే. రోజు మొదలయ్యేటప్పుడు ఎన్ని బండలు ఎక్కిస్తే సాయంత్రానికి అన్ని బండల డబ్బు పైసలతో సహా కౌంటర్‌లో కట్టాలి. చిల్లర తేడా వస్తే మా జేబులోంచే. జీతం పెంచమని అడిగితే ఓనరు నవ్వి, "కస్టమర్లు ఇస్తారు కదరా, ఇంకా నేనెందుకు" అనేవాడు. అంటే మీరిచ్చే యాభై మా జీతం. మీరు ముందే బిల్లులో కట్టిన డెలివరీ చార్జీ మాత్రం ఓనరు దగ్గరే ఆగిపోతుంది.

మీరు నాతో తలుపు దగ్గర వాదిస్తే నేను పక్కింట్లో అడుగుతాను, అంతే జరుగుతుంది. ఏజెన్సీకి రాతపూర్వకంగా కంప్లయింట్ వెళ్తే మాత్రం ఓనరు కంగారు పడతాడు, ఎందుకంటే పై నుంచి సేల్స్ ఆఫీసర్ అడుగుతాడు. అలా రాసినవాళ్లని నేను అక్కడున్నన్నాళ్లలో ఒక్కరినీ చూడలేదు. మమ్మల్ని తిట్టినవాళ్లు మాత్రం రోజుకొకరు తగిలేవారు.


మూడోఫ్లోర్ | 10:44

బండబాబు గారూ, థ్యాంక్స్. మీ పోస్టు మా గ్రూపులో పెట్టొచ్చా?


బండబాబు | 10:46

పెట్టుకోండి మేడమ్. పేరు లేదుగా, పర్లేదు.


కాఫీకప్పు | డల్లాస్ | 11:20

ఇండియాలో ఉన్న జబ్బే ఇది. సర్దుకుపోవడం. ఇక్కడ వీధి దీపం వెలగకపోతే 311కి చెబుతాం, టికెట్ నంబర్ వస్తుంది, పని అయిపోతుంది. కొన్న వస్తువు నచ్చకపోతే వాడి మొహాన వెనక్కి పడేస్తాం, కారణం కూడా అడగడు. మనవాళ్లకి హక్కులంటే ఏమిటో తెలియదు.


పాతచెరువు | న్యూజెర్సీ | 11:41

కాఫీకప్పు అన్నా, ఒక చిన్న డౌట్. వీధి దీపానికి సరే. మన కన్సల్టెన్సీ వాళ్లు ప్రాజెక్ట్ లేదని హెచ్1బీ పిల్లల్ని బెంచ్ మీద కూర్చోబెట్టి నెలల తరబడి జీతం ఎగ్గొడితే ఎంతమంది మనవాళ్లు నోరు విప్పుతున్నారు? ప్రాజెక్ట్ లేదన్నది యజమాని సమస్య, ఆ రోజులకి కూడా జీతం ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి డబ్ల్యూహెచ్-4 అనే ఫారం పెట్టొచ్చు, 12 నెలల లోపు. కంప్లయింట్ చేశాడని ఉద్యోగం పీకడం కూడా చట్టరీత్యా తప్పే.

నాకు తెలిసిన రూములో నలుగురు పిల్లలు బియ్యం, పప్పు పంచుకుని బతికారు. ఫారం గురించి చెబితే "వద్దన్నా, గ్రీన్ కార్డ్ వాళ్ల చేతిలో ఉంది, పైగా ఓనరు మా ఊరివాడే" అన్నారు. మొహమాటానికి ఇమిగ్రేషన్ చెకింగ్ ఉండదు, మనతోపాటే విమానం ఎక్కి వచ్చేస్తుంది. డల్లాస్‌లో మీరెప్పుడైనా ఎవరి చేతైనా ఆ ఫారం నింపించారా?


కాఫీకప్పు | 11:55

అది వేరే టాపిక్.


పాతచెరువు | 11:56

సరే అన్నా.


సీమమిరప | అనంతపురం జిల్లా | మంగళవారం ఉదయం 6:15

తెల్లవారుజామున మోటారు వేసి వచ్చి చదువుతున్నా. మీ యాభై చూస్తే నవ్వొచ్చింది, కోపం తెచ్చుకోవద్దప్పా.

మాకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఏం జరుగుతుందో తెలుసా? లైన్‌మన్ వచ్చి పైకి చూసి, "కాలిపోయిందన్నా, తలా ఇంత వేసుకోండి" అంటాడు. ఇదేదో పండగ చందా అన్నట్టు. మేమే ట్రాక్టర్ మాట్లాడాల, మేమే పదిమంది కలిసి దాన్ని దించి ఎక్కించాల, రిపేరు షెడ్డు దాకా తీసకపోవాల, అక్కడ మళ్లీ "టీ ఖర్చులు". బాగైనాక మళ్లీ తెచ్చి దిమ్మె ఎక్కించాల. ఈలోగా చీనీ (బత్తాయి) చెట్లకు నీళ్లు ఆగితే పిందె రాలిపోతుంది. ఆ పిందె ఎవరిస్తారు? అందుకే ఎవడూ నోరెత్తడు, డబ్బులు వేసేస్తారు. మా నాయన కాలం నుంచి ఇదే పద్ధతి.

మా ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లగాడు ఒకడు రూల్స్ బయటికి తీసినాడు. ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోతే టౌన్లలో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో కరెంటోళ్లే మార్చాలని రెగ్యులేటరీ కమిషన్ పెట్టిన రూల్ ఉంది. మోసేది, తెచ్చేది వాళ్ల పని. ఆలస్యమైతే వినియోగదారుడికి పరిహారం కూడా. మేం ముందు 1912కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ రాసుకున్నాం. గడియారం ఆ నంబర్ నుంచే నడుస్తుంది. లైన్‌మన్‌కు నోటితో చెప్పింది లెక్కలోకి రాదు.

అప్పుడు కరెంటాఫీసు ఇంజనీరు, ఏఈ సారు పిలిచినాడు. ఏమన్నాడంటే, "కాగితం పెట్టండి, మంచిదే. నేనూ మీ మోటార్లన్నీ చెక్ చేస్తా. ఐదు హెచ్‌పీ అని రాయించుకుని ఏడున్నర నడిపేవాళ్లు ఎంతమంది ఉన్నారో తేలుతుంది." ఊరు ఊరంతా చల్లబడిపోయింది. నిజమే, ట్రాన్స్‌ఫార్మర్ కాలడానికి సగం కారణం ఆ దొంగ లోడే. రాత్రి అరుగు మీద కూర్చున్నాం. తిట్టుకున్నాం కూడా. ఆఖరికి ఎవరెవరు ఎక్కువ హెచ్‌పీ వాడుతున్నారో వాళ్లంతా డబ్బు కట్టి లోడు సరి చేయించుకున్నాకే అర్జీ పెట్టినాం. దానికి అయిన ఖర్చు చందాల కన్నా ఎక్కువే. కానీ మరుసటి సారి కాలినప్పుడు డిపార్ట్‌మెంట్ బండి వచ్చింది. 48 గంటలు దాటిందనుకో, అయినా వాళ్లే తెచ్చినారు, వాళ్లే ఎక్కించినారు. లైన్‌మన్ మాత్రం మా ఊళ్లో టీ తాగడం మానేసినాడు.


లెక్కలమాస్టారు | 6:50

సీమమిరప గారూ, ఇది అసలైన పోస్టు. పరిహారం ఇవ్వకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, సీజీఆర్‌ఎఫ్ అంటారు. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2003 విద్యుత్ చట్టంలోనే ఈ రెండు మెట్లూ పెట్టారు.


పట్టాలపిల్లాడు | సికింద్రాబాద్ | 8:30

నాది చిన్న కథ. ప్లాట్‌ఫారం మీద రైల్ నీర్ లీటర్ బాటిల్‌కి ఇరవై అన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని ధర 15 నుంచి 14కి తగ్గింది. చూపించాను. "కూలింగ్ చార్జీ సార్." కూలింగ్ చార్జీ అనే పేరుతో ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి తీసుకోవడానికి ఏ స్టాల్‌కీ, ఏ షాపుకీ హక్కు లేదు, ఫ్రిజ్ కరెంటు బిల్లు ఎమ్మార్పీలోనే ఉంది అనుకోవాలి. రైలెక్కాక రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో స్టాల్ నంబర్ కొట్టి ఫొటో పెట్టాను. 139కి ఫోన్ చేసినా అదే. కాసేపటికి ఎవరో ఫోన్ చేసి వివరాలు అడిగారు. నా ఆరు రూపాయలు రాలేదు, రావనీ తెలుసు. తర్వాతి వారం అదే స్టాల్‌కి కొత్త ధరల బోర్డు తగిలించి ఉంది.

బయట షాపుల్లో అయితే తూనికలు కొలతల శాఖ. ఒకే సరుకుకి బయట ఒక ఎమ్మార్పీ, మల్టీప్లెక్స్‌లో ఇంకో ఎమ్మార్పీ అచ్చు వేయడం కూడా 2018 జనవరి నుంచి కుదరదు. హైదరాబాద్ వాళ్లకి ఇంకోటి: మాల్స్‌లో పార్కింగ్ మొదటి అరగంట ఫ్రీ, గంట లోపు ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఫ్రీ అని 2018లోనే జీవో ఇచ్చారు. గేటు దగ్గర బిల్లు చూపిస్తే చూసీ చూడనట్టు బారికేడ్ ఎత్తేస్తారు. చూపించనివాడి దగ్గర తీసుకుంటారు.


కిటికీసీటు | కరీంనగర్ | 8:47

ఇంత పెద్ద పెద్ద సంగతుల మధ్య నాదొకటి. ఆర్టీసీ కండక్టర్ టికెట్ వెనకాల పెన్నుతో గుండ్రంగా రాసిచ్చిన బ్యాలెన్స్ అడగడానికి కూడా మొహమాటపడి స్టేజీలో దిగిపోయే జనం మనం. నా పర్సులో అలాంటి టికెట్లు కట్టగా ఉన్నాయి. ఎవరైనా కొనుక్కుంటారా?


ఊరుకుంటేమేలు | 9:05

హహ. ఇదిగో, నేను చెప్పేదీ అదే.


ఆశక్క | ఉమ్మడి వరంగల్ జిల్లా | 1:20

డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోవద్దు.

మీరందరూ అడిగే స్థితిలో ఉన్నవాళ్లు. మా గర్భిణులని ఆస్పత్రికి తీసుకుపోతా కదా, అక్కడి సంగతి చెబుతా. ఏ ఆస్పత్రో చెప్పను. స్ట్రెచర్ తోసినందుకు ఒక రేటు. బిడ్డని బట్టలో చుట్టి బయటికి తెచ్చి చూపించినందుకు ఒక రేటు. బాబు అయితే ఎక్కువ, పాప అయితే తక్కువ. పాప అని చెప్పేటప్పుడు ఆయమ్మ మొహం కూడా తక్కువ చేసుకుని, "సరేలే, ఎంతుంటే అంత ఇయ్యి" అంటది. ఆడపిల్ల విలువ ఎంతో ఆ వరండాలోనే నోటు లెక్కన తేల్చేస్తారు. నాకు డబ్బు కన్నా అదే మండుతది.

బయట కూర్చున్న తండ్రి నోరెత్తడు. ఎట్లెత్తుతడు? లోపల భార్య ఉంది, కుట్లు పడుతున్నయి. "ధైర్యంగా అడగాలి" అని ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ టైముల అడగాల్సింది వేరేవాళ్లు. నేను ఒక పని చేస్తున్నా. డిశ్చార్జి అయి ఇంటికొచ్చినంక, పురుడు అయిన ఇంటికి పోయినప్పుడు ఎవరికి ఎంత ఇచ్చిండ్రో అడిగి తారీఖుతో రాస్తా. ఒక్కరి పేరు మీద కాకుండా కొన్ని కలిపి సర్పంచ్ ద్వారా సూపరింటెండెంట్‌కి పంపించినం. బిడ్డ ఇంట్ల ఉంటది కాబట్టి అప్పుడు తల్లులు సంతకం పెడతరు. ఏసీబీ నంబర్ 1064 ఉంది, ఫోన్ చేయొచ్చని చెప్తే మాత్రం భయపడుతున్నరు, అది నిజం.

కొన్ని రోజులు బంద్ అయింది. ఇప్పుడు మళ్లీ మొదలైందని వింటున్న. మళ్లీ రాస్తం.


బండబాబు | 1:34

అక్కా, ఆ ఆయమ్మ కూడా కాంట్రాక్ట్ మీదే కదా? జీతం నెల నెలా వస్తుందా?


ఆశక్క | 1:52

రాదు తమ్ముడూ. ఏజెన్సీ వాళ్లు నెలలకి నెలలు ఆపుతరు. ఆ ముచ్చట కూడా కాగితంల రాసినం. అది రాసినంకనే ఆయమ్మలు మాతో మాట్లాడుతున్నరు.


నల్లబెండు | నల్లగొండ | సాయంత్రం 5:10

"ఒక్కరు అడిగితే ఏమవుతుంది" అనేవాళ్లకి మా జిల్లా ముచ్చట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా దగ్గర ఎముకలు వంగిపోయిన మనుషులు ఉన్నారు, పళ్లు గోధుమరంగు పడ్డ పిల్లలు ఉన్నారు. ఏళ్ల తరబడి అర్జీలిచ్చినా పట్టించుకునే దిక్కు లేక 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నామినేషన్ వేసి నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ పుస్తకంలా అచ్చేయాల్సి వచ్చింది. గెలవడానికి వేయలేదు ఎవరూ. దేశం ఒక్కసారి ఇటు తిరిగి చూడాలని వేశారు.


ఊరుకుంటేమేలు | 5:25

తిరిగి చూసి ఏం చేసింది? నీళ్లు వచ్చాయా వెంటనే?


నల్లబెండు | 5:48

వెంటనే రాలేదు. వెంటనే వచ్చింది వేరేది: ఎంపీ ఎన్నికల డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు. ఆ ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకి వెయ్యి మందికి పైగా, కర్ణాటకలో బెళగావిలో 456 మంది కూడా ఇలాగే నిలబడ్డారు, అందుకని. కృష్ణా నీళ్లు మా ఊళ్లకి రావడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు పట్టింది. వంగిన ఎముకలు మళ్లీ సరికావు. ఇదంతా నేను దాచను. కానీ 96 తర్వాత "నల్లగొండలో ఫ్లోరైడ్ ఉందా?" అని ఎవడూ అడగలేదు. అంతకుముందు అది కూడా మేమే రుజువు చేయాల్సి వచ్చేది.

2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు, ఎర్రజొన్న రైతులు ఇదే దారి పట్టారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చారు. పసుపు బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ధర సంగతి రైతుల్ని అడిగి తెలుసుకోండి, నేను చెబితే రాజకీయం అంటారు.


మూడోఫ్లోర్ | 9:15

అందరికీ థ్యాంక్స్. బండబాబు గారి పోస్టు మా గ్రూపులో పెట్టాక మూడ్ కొంచెం మారింది. "అబ్బాయిని ఏమీ అనొద్దు, ఏజెన్సీకి రాద్దాం" అంటే పద్నాలుగు ఫ్లాట్ల వాళ్లు బిల్లుల ఫొటోలు పంపారు. యాభై అడుగుతున్నారని, డెలివరీ వాళ్లకి జీతం ఇవ్వమని, కాటా పంపమని మూడే ముక్కలు రాసి ఈమెయిల్ చేశాం, కంపెనీ కంప్లయింట్ పేజీలో కూడా పెట్టాం.

ఈరోజు ఏజెన్సీ మేనేజర్ ఫోన్ చేశాడు. "రాయడం ఎందుకు మేడమ్, ఒక ఫోన్ కొడితే చూసుకునేవాళ్లం కదా" అన్నాడు. ఇంతకుముందు ఫోన్ కొట్టినప్పుడు ఎవరూ ఎత్తలేదన్నది వేరే సంగతి. సాయంత్రం ఒక బండ వచ్చింది, బిల్లు డబ్బులే తీసుకున్నారు. కాకపోతే పైకి రాలేదు, గేటు దగ్గర వాచ్‌మన్‌కి అప్పగించి వెళ్లిపోయారు. వాచ్‌మన్ పైకి తెచ్చి నిలబడ్డాడు. ఆయనకి యాభై ఇవ్వాల్సి వచ్చింది!


కిటికీసీటు | 9:18

ఏడవాలా నవ్వాలా 😄


బండబాబు | 9:30

అది అలక మేడమ్. మా వాళ్లకి ఓనరు క్లాస్ పీకి ఉంటాడు, జీతం మాత్రం ఇంకా తేల్చి ఉండడు. ఇంట్లో దించి, లీకేజీ చూసి ఇస్తేనే డెలివరీ. గేటు దగ్గర తీసుకోమంటే మీ ఫోన్‌కి వచ్చే డెలివరీ కోడ్ చెప్పకండి. కోడ్ చెప్పనిదే వాళ్లకి సిస్టమ్‌లో క్లోజ్ అవ్వదు. అదే మెయిల్‌కి రిప్లై పెట్టండి, కొత్తది రాయకండి. పాత నంబర్ మీదే ఉంటే వాళ్లకి తలనొప్పి. ఒక్కసారి రాసి ఆగిపోతారని వాళ్ల లెక్క.


లెక్కలమాస్టారు | 9:52

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే చెప్పొచ్చు. అదీ దాటితే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరు ఉన్న ఊళ్లోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు విలువైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి.

ప్రభుత్వ ఆఫీసులకి రాసేవాళ్లకి ఒక మాట, చాలామంది సమాచార హక్కు అర్జీలు చూశాను కాబట్టి చెబుతున్నాను. "మా వీధికి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని రాస్తే జవాబు రాదు. అది ప్రశ్న, చట్టం ఇవ్వమన్నది రికార్డు. "ఫలానా వీధి రోడ్డుకి ఫలానా సంవత్సరంలో మంజూరైన మొత్తం ఎంత, ఎం-బుక్ నకలు, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వగలరు" అని రాయండి. ఎం-బుక్ అంటే పని కొలతలు రాసే పుస్తకం. వేయని రోడ్డుకి అందులో కొలతలు రాసి ఉన్నాయంటే తర్వాత మీరు మాట్లాడక్కర్లేదు. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. ఆంధ్రలో మండల స్థాయి ఆఫీసుకి ఐదు రూపాయలే, పంచాయతీ స్థాయిలో అసలు ఫీజే లేదు. జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు.


సీమమిరప | బుధవారం ఉదయం 6:05

మాస్టారూ, ఆ ఎం-బుక్ ముక్క ప్రింటు తీసి పెట్టుకున్నా. మా చెక్‌డ్యామ్‌కు పనికొస్తుంది.


ఊరుకుంటేమేలు | 7:30

సరే, నన్ను అందరూ కలిసి మార్చేశారనుకోకండి. కానీ వినాయక చవితి వస్తోంది, మా అమ్మాయికి పరీక్షలు, మా నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. పోయిన ఏడాది డీజేకి కిటికీ అద్దాలు గడగడలాడాయి. పేరు బయటపడకుండా ఏదైనా మార్గం ఉందా?


లెక్కలమాస్టారు | 8:02

ఉంది నాయనా. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. పండగలకి ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకి మించకుండా, అదీ అర్ధరాత్రి దాకా మాత్రమే సడలించొచ్చు. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆస్పత్రి నుంచి వంద మీటర్ల లోపు అయితే పగలు కూడా కుదరదు.

అసలు కిటుకు ఏమిటంటే, డీజే మోగుతున్నప్పుడు ఫోన్ చేస్తే మీరు శత్రువు. పందిరి వేయకముందే అర్జీ ఇస్తే మీరు కాలనీ పెద్దమనిషి. మండపానికి పర్మిషన్ ఇచ్చేది పోలీసులే కాబట్టి, అనుమతి పత్రంలో పది గంటల షరతు గట్టిగా రాయమని ముందే అడగండి. కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద ఇస్తే ఎవరి పేరూ ఉండదు. నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి.


ఊరుకుంటేమేలు | 8:15

బాగుంది మాస్టారూ. లెటర్‌హెడ్ సెక్రటరీ గారి బీరువాలో ఉంటుంది. డీజే అద్దెకిచ్చేది సెక్రటరీ గారి బామ్మర్ది.


పట్టాలపిల్లాడు | 8:16

😂😂


ఆశక్క | 8:40

అన్నా, సంఘాన్ని వదిలెయ్. మీ కాలనీల టెన్త్, ఇంటర్ పిల్లల తల్లులు ఎంతమంది ఉన్నరో లెక్క తియ్యి. వాళ్లతోటి సంతకాలు పెట్టియ్యి, నీ పేరు మధ్యల ఎక్కడో ఉండనీ. తల్లులంతా కలిసి పోతే ఏ ఎస్సై కూడా ఎవరు ముందు మాట్లాడిండ్రో చెప్పలేడు. వదినని అడుగు, ఆమెకి అందరూ తెలిసే ఉంటరు.


ఊరుకుంటేమేలు | 9:10

అడిగాను. తను పోయిన ఏడాదే ఆ లిస్టు రాసి పెట్టిందట. నేను వద్దంటానని చెప్పలేదంట. ఇరవై రెండు పేర్లున్నాయి. స్టేషన్‌కి ఏ టైమ్‌లో వెళ్తే ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) దొరుకుతారు, ఎవరికైనా తెలుసా?